చౌక పనిముట్టు ఎక్కడ చాలు, మంచిది ఎక్కడ తప్పదు

ఇంట్లో చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకుందామని హార్డ్‌వేర్ అంగడికి వెళ్తే మొదట కంటికి ఆనేది పెట్టె. మూత తెరిస్తే డ్రిల్ మిషన్, దాని చుట్టూ వంద ముక్కలు, గళ్లలో పొందిగ్గా. పక్కన ఇంచుమించు అదే ధరకు పేరున్న కంపెనీ డ్రిల్ ఒక్కటే, అట్టపెట్టెలో. ఏ కంపెనీది మంచిదని అడగబోయే ముందు ఇంకోటి తేల్చుకోవాలి: మీ డబ్బు ఆ పనిముట్టులో ఏ భాగానికి పోతోంది?

పనికి తగిలే మొన, కొలత చెప్పే అంచు, విరిగితే మనిషికి తగిలే భాగం. ఈ మూడు చోట్ల ఖర్చుకు వెనకాడొద్దు. పిడి రంగు, పెట్టె, ముక్కల లెక్క, వాట్ల అంకె, వీటికోసం రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. ఈ లెక్కన చూస్తే చౌక మిషన్‌కు ఖరీదైన బిట్టు (బెజ్జం తొలిచే మొన) వేసినవాడి పని, ఖరీదైన మిషన్‌కు చౌక బిట్టు వేసినవాడి పనికన్నా శుభ్రంగా వస్తుంది.

మొదట పనిని కాగితం మీద పెట్టండి

అంగడికి వెళ్లకముందే చేయాల్సింది ఇది. పని పేరు రాస్తే సరిపోదు, ఎన్ని బెజ్జాలు, ఎన్ని కోతలు, ఏ సరుకులో అన్నది రాయాలి. ఒక గుమ్మానికి చెక్క ఫ్రేముతో దోమల మెష్ తలుపు, వంటింట్లో 3 అడుగుల అర ఒకటి అనుకుందాం.

తలుపుకు 4 అంగుళాల మడతబందులు మూడు. ఒక్కోదానికి రెండు రెక్కలు, రెక్కకు నాలుగు స్క్రూలు. మొత్తం 24 స్క్రూలు, అంటే గట్టి చెక్కలో 24 చిన్న బెజ్జాలు. 8 నంబరు స్క్రూకు 3 మిల్లీమీటర్ల బిట్టు సరిపోతుంది. ఫ్రేముకు ఎనిమిదో పదో కోతలు. అరకు రెండు బ్రాకెట్లు, ఒక్కోదానికి మూడు స్క్రూలు, ఇటుక గోడలో 8 మిల్లీమీటర్ల బెజ్జాలు ఆరు, లోతు 50 మిల్లీమీటర్లు. స్క్రూ పట్టడానికి గోడ బెజ్జంలో దూర్చే 40 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 10 అదనం ఎందుకంటే, లేకపోతే బెజ్జం అడుగున దుమ్ము మిగిలిపోయి ప్లగ్గు పైకి తేలుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. గోడలో ఆరు, చెక్కలో 24. దీనికి 500, 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్ బ్రహ్మాండంగా చాలు. భారీ రోటరీ హ్యామర్ అక్కర్లేదు. అదే స్లాబు కాంక్రీటులో ఉయ్యాల కొక్కేనికి 12 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయాలంటే ఇంపాక్ట్ డ్రిల్‌తో చాలాసేపు కుస్తీ పట్టాలి, బిట్టు మాడిపోయే ప్రమాదమూ ఉంది. ఇంపాక్ట్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి ఎగిరి పడి దెబ్బ పుట్టిస్తాయి. మీరు ఎంత అదిమితే అంతే దెబ్బ. రోటరీ హ్యామర్‌లో లోపల ముషలం (పిస్టన్) గాలి ఒత్తిడితో కొడుతుంది, మీ బలంతో పనిలేదు. అది కొనకండి, ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోండి. ఏడాదికి రెండుసార్లు కూడా పని పడని మిషన్ ఏదైనా అంతే.

ఇలా రాసుకున్నాక ఒక్కో పనిముట్టు పక్కన ఒక గుర్తు వేయండి: కొనాలి, చౌకది చాలు, అద్దెకు. కొనాలి అన్న వరుసలో ఐదారుకు మించి మిగలవు.

కొలతలో రాజీ పడొద్దు

టేపు, మూల నిలువుగా ఉందో లేదో చూసే మూలమట్టం, బుడగతో మట్టం చూసే రసమట్టం. వీటిలో తప్పుంటే మిగతా పనంతా తప్పే. పైగా తప్పు ఎక్కడుందో చివరిదాకా తెలియదు. అదృష్టం ఏమిటంటే, మంచివి పెద్ద ఖరీదు కావు, బాగోగులు అంగట్లోనే చూసుకోవచ్చు.

టేపు మీద చిన్న గుండ్రటి గీతలో రోమన్ అంకె ఉందేమో చూడండి. 2 అని రోమన్‌లో ఉంటే 5 మీటర్లకు తేడా 1.3 మిల్లీమీటర్ల లోపు. 1 ఉంటే 0.6 లోపు. ఇంటి పనికి రెండో తరగతి చాలు. కొనలో కొక్కెం కాస్త ఆడుతుంది. అది వదులు కాదు, కొక్కెం మందం ఎంతో అంతే ఆడేలా కావాలనే చేస్తారు. తగిలించి లాగినప్పుడు, లోపల ఆనించి నెట్టినప్పుడు, రెండు రకాలుగానూ కొలత ఒకటే రావాలి గదా. దాన్ని సుత్తితో కొట్టి బిగించేసిన టేపులు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. ఇక ఆ టేపుతో తలుపు కొలిస్తే మిల్లీమీటరు ఎక్కడ పోయిందో వెతుక్కోవాల్సిందే.

మూలమట్టానికి పరీక్ష: తిన్నని అంచున్న ప్లైవుడ్ ముక్క అడగండి. మట్టాన్ని అంచుకు ఆనించి సన్నగా గీత గీయండి. మట్టాన్ని తిరగేసి, అదే చుక్క దగ్గర రెండో గీత గీయండి. రెండూ కలిసిపోవాలి. 20 సెంటీమీటర్ల దూరంలో 1 మిల్లీమీటరు విడిపోతే అసలు తప్పు అందులో సగం, అర మిల్లీమీటరు. అర దాకా అలమారకు సర్దుకోవచ్చు, దాటితే పక్కన పెట్టేయండి.

రసమట్టాన్ని బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూడండి. అదే చోట ఈ కొస ఆ కొసకు వచ్చేలా తిప్పి పెట్టండి. బల్ల వాలుగా ఉన్నా పర్వాలేదు, బుడగ రెండుసార్లూ ఒకే వైపు, ఒకే దూరం జరగాలి. అలా లేకపోతే మట్టమే తప్పు.

మొనలు, పళ్లు, బిట్లు

పనంతా నడిచేది ఇక్కడే, మోసమూ ఎక్కువ ఇక్కడే. వంద ముక్కల సెట్టులో బిట్లు పాతిక ఉంటే, వాడేవి నాలుగైదు. ఆ నాలుగైదునే మంచివి విడిగా కొనండి. ఇనుముకూ చెక్కకూ హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్లు 3, 4, 5, 6 మిల్లీమీటర్లు. గోడకు కొనలో కార్బైడ్ అనే బాగా గట్టి ముక్క అతికించినవి 6, 8. ఎక్కువ వాడే 3, 8 మాత్రం రెండేసి.

హెచ్.ఎస్.ఎస్. బిట్టును కొనేముందు మొన ఎదురుగా పెట్టుకుని చూడండి. కోసే అంచులు రెండూ ఒకే పొడవు ఉండాలి. ఒకటి పొడుగ్గా ఉంటే బిట్టు పక్కకు తిరుగుతూ తన కొలతకన్నా పెద్ద బెజ్జం చేస్తుంది. కౌంటర్ అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. బంగారు రంగు చూసి ఎక్కువ ధర ఇవ్వకండి. టైటానియం పూత వేరు, పసుపు రంగు వేరు, కంటికి రెండూ ఒకటే. స్టీలు గ్రిల్లుకు, స్టెయిన్‌లెస్ గొట్టానికి బెజ్జం వేయాలంటే మాత్రం 5 శాతం కోబాల్ట్ ఉన్న ఎం35 రకం ఒకటి విడిగా కొనండి. స్టెయిన్‌లెస్ మీద వేగంగా తిప్పుతూ మెల్లగా ఆనిస్తే ఆ చోటు రాపిడికే గట్టిపడిపోతుంది, తర్వాత ఏ బిట్టూ దిగదు. వేగం తగ్గించి, గట్టిగా అదిమి, నూనె చుక్క వేస్తూ దించాలి.

మామూలు ఇనుములో 6 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి 1,300 చుట్లు, 10 మిల్లీమీటర్లకు 800 చుట్లు దాటకుండా చూసుకోండి. ఇంటి డ్రిల్ పూర్తిగా నొక్కితే 2,500 పైనే తిరుగుతుంది. అందుకే ట్రిగ్గర్ సగమే నొక్కాలి. మొన నీలం రంగు తిరిగిందంటే వేడి మరీ ఎక్కువైనట్టే. చౌకదని తిట్టేముందు వేగం చూసుకోండి, సగం బిట్లు చచ్చేది దీనివల్లే.

వంటగట్టు గ్రానైట్ ముచ్చట వేరే చెప్పుకోవాలి. చీమకుర్తి గెలాక్సీ రాయి మన ఇళ్లలో వంటగట్టుగా విరివిగా కనిపిస్తుంది, దాంట్లో కొత్త కుళాయికి 35 మిల్లీమీటర్ల బెజ్జం కావాలి. గోడబిట్టు వేసి, డ్రిల్ దెబ్బ కొట్టేలా చేసే హ్యామర్ మీట నొక్కారో, బిట్టు కొన ఎర్రబడి కార్బైడ్ ముక్క అతుకు ఊడిపోతుంది. బిట్టు నిలిచినా దెబ్బకు గట్టు పగిలే ప్రమాదం ఉంది. ఇక్కడ కావలసింది వజ్రపు పొడి అతికించిన గొట్టం బిట్టు. ఇందులో రెండు రకాలు. చౌక రకంలో వజ్రపు పొడి ఒకే పొరగా పూత వేసి ఉంటుంది, కొన్ని బెజ్జాలకు పొర అరిగిపోతుంది. ఖరీదైన రకంలో పొడి లోహంలో లోతుగా కలిసి ఉంటుంది, అరిగేకొద్దీ కొత్తది బయటపడుతుంది. మీకు కావలసింది ఒక్క బెజ్జం, మహా అయితే రెండు. కాబట్టి ఇక్కడ చౌకదే సరైనది. రోజూ గట్లు బిగించే పనివాడికి ఖరీదైనది గిట్టుబాటు, మీకు కాదు.

వాడే పద్ధతి ఇది. హ్యామర్ ఆపేయండి. చుట్టూ మట్టితోనో పుట్టీతోనో కట్ట కట్టి లోపల నీళ్లు పోయండి. బిట్టును మొదట కాస్త వాల్చి అంచుతో గాడి పడనిచ్చి, తర్వాత నిలువుగా నిలపండి. నెమ్మదిగా తిప్పుతూ, పది సెకన్లకోసారి పైకెత్తి నీళ్లు లోపలికి పోనివ్వండి. అడుగు దాకా వచ్చేసరికి ఒత్తిడి బాగా తగ్గించాలి, లేకపోతే కిందివైపు పెచ్చు లేస్తుంది. డ్రిల్ కరెంటుది, పక్కనే నీళ్లు. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉన్న లైను నుంచే వాడండి, నీళ్లు మిషన్‌లోకి చిందకుండా ఒకరు పక్కన ఉండి చూడాలి. పొడిగా కోస్తే లేచే రాతి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. నీళ్లు బిట్టుకే కాదు, మీకూ రక్షణే.

టైల్స్ గోడయితే, టైలు దాటేదాకా హ్యామర్ వద్దు, ఇటుక తగిలాక నొక్కండి.

విరిగితే మీకు తగిలేవి

గ్రైండర్ కటింగ్ వీల్, ప్లైవుడ్ కోసే కార్బైడ్ పళ్ల బ్లేడు. ఈ రెండింటికీ చౌక అన్న మాటే తలవకండి.

4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. వీల్ మీద రాసిన చుట్ల అంకె దానికన్నా ఎక్కువుండాలి. అంచు వేగం సెకనుకు 80 మీటర్ల దాకా తట్టుకునే రకానికి 100 మిల్లీమీటర్ల వీల్ మీద 15,200 పైచిలుకు ఉంటుంది. మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద గడువు తేదీ చూడండి. తయారైన దగ్గర్నుంచి 3 ఏళ్లు. మందుబిళ్లకు గడువు చూసేవాళ్లు కూడా దీనికి చూడరు. వీల్ పొడిని పట్టి ఉంచేది రెసిన్ జిగురు, తేమకు అది బలం కోల్పోతుంది. వానలో తడిసిన వీల్‌ను ఎండలో ఆరబెట్టి వాడొద్దు, పారేయండి. మిషన్ గార్డు ఊడదీసి పనిచేయొద్దు. కళ్లద్దాలు మిషన్‌తోపాటే కొనండి, తర్వాత కొందామంటే కొనరు.

రాళ్లు కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కు 110 మిల్లీమీటర్ల చెక్క బ్లేడు వేసి ప్లైవుడ్ కోసుకోవడం మన దగ్గర మామూలే. ప్లైకి 40 పళ్ల బ్లేడు అంచు చీలకుండా కోస్తుంది. చౌక బ్లేడులో పలక వంకర ఉంటుంది, కార్బైడ్ ముక్క అతుకు సరిగా ఉండదు. ఆ వేగంలో పన్ను ఊడితే అది తూటానే. పళ్లను ఒక్కొక్కటిగా గోటితో తడిమి చూడండి, అతుకు దగ్గర సన్నటి ఖాళీ కనపడితే వద్దు. చెక్క బ్లేడును యాంగిల్ గ్రైండర్‌కు మాత్రం ఎంత మంచిదైనా వేయకండి. చెక్కలో పళ్లు ఇరుక్కుంటే మిషన్ చేతిలోంచి వెనక్కి ఎగిరి వస్తుంది, దాన్ని పట్టి ఆపే మనిషి లేడు.

కరెంటు పనికి కటింగ్ ప్లేయర్ కూడా ఈ వరుసలోదే. పిడి మీద 1000 వి. అనీ, రెండు త్రికోణాల గుర్తూ ఉన్నది తీసుకోండి. ఉత్త ప్లాస్టిక్ తొడుగు ఇన్సులేషన్ కాదు. వెలుతురుకు ఎదురుగా మూసి చూస్తే కోసే అంచుల మధ్య వెలుగు రాకూడదు. పల్చటి కాగితం పెడితే అంచు పొడవునా ఒకేలా తెగాలి.

చౌకది చాలు అన్నవి

ముక్కల్ని అదిమిపట్టే సి క్లాంపులు, సుత్తి, పుట్టీ పలక, బ్రష్షులు, పనిముట్ల సంచి. పోయినా నష్టం లేదు.

స్పానర్ల సెట్టు కొనే ముందు ఆగండి. ఇంట్లో ఎదురయ్యే బోల్టుల్లో ఎక్కువ భాగం ఎం6, ఎం8, ఎం10, అంటే 6, 8, 10 మిల్లీమీటర్ల మందానివి. వీటికి 10, 13, 17 నంబర్ల పానాలు. ఈ మూడూ రింగు రకం, మంచి ఉక్కువి కొంటే పన్నెండు ముక్కల చౌక సెట్టుకన్నా మేలు. చౌక పానా నోరు విచ్చుకుని బోల్టు మూలలు గుండ్రంగా చేసేస్తుంది, అప్పుడు పోయేది పానా కాదు, బోల్టు.

చేతిరంపం సంగతి తమాషాగా ఉంటుంది. పళ్ల కొసలు నల్లగా, నీలంగా కాల్చి గట్టిచేసిన రంపం చౌకగానే దొరుకుతుంది, చాలా కాలం పదునుంటుంది. కానీ ఆకురాయి దాని మీద పట్టదు, మొద్దుబారితే పారేయడమే. వడ్రంగులు వాడే పాతరకం రంపాన్ని ముక్కోణపు ఆకురాయితో ఎన్నిసార్లయినా సాన పెట్టుకోవచ్చు. సాన పట్టే చేయి మీకు లేకపోతే చౌకదే కొనండి.

ఉలి మాత్రం వేరు. లారీ కమాను పట్టీతో కమ్మరి చేసిచ్చిన ఉలి, పెట్టెలో మెరిసే చౌక ఉలికన్నా ఎక్కువ రోజులు పదును నిలుపుకుంటుంది. పాత ఆకురాయి ఒకటి వెంట తీసుకెళ్లి అంచు వెనక మెల్లగా రుద్దండి. జారిపోతే గట్టిది, కొరికితే మెత్తది. 12, 19 మిల్లీమీటర్లవి రెండు చాలు. సాన పట్టేటప్పుడు కొన నీలం తిరిగితే పదను పోయినట్టే, నీళ్లలో ముంచుతూ పట్టండి.

డ్రిల్ మిషన్‌ను అంగట్లో ఎలా చూడాలి

తిన్నటి కొత్త బిట్టు బిగించి ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. బిట్టు కొన ఒకే చుక్కలా తిరగాలి, చిన్న సున్నా చుట్టకూడదు. చక్ (బిట్టును బిగించే మూతి) పట్టుకుని అటూ ఇటూ ఊపండి, పక్క ఊగిసలాట ఉంటే బేరింగుకు బదులు బుష్ (ఉత్త లోహపు గొట్టం) వేశారేమో అనుమానించండి. వేగం సున్నా నుంచి నెమ్మదిగా పెరగాలి, ఉన్నట్టుండి ఎగరకూడదు. వెనక గాలి రంధ్రాల్లో చిన్న నిప్పురవ్వలు సహజం, చుట్టూ నిప్పు ఉంగరంలా కనిపిస్తే వద్దు. కార్బన్ బ్రష్‌లు బయటినుంచే మూత విప్పి మార్చుకునేలా ఉంటే మంచిది.

అడగాల్సిన ప్రశ్న ఇంకోటి: మోటారులో చుట్టిన తీగ, అంటే వైండింగ్, రాగిదా, అల్యూమినియందా? అల్యూమినియం తీగ అదే మందంలో రాగికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటును అడ్డగిస్తుంది, వేడెక్కుతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో దీని బాధ రెట్టింపు. మోటారు నెమ్మదిస్తుంది, మనం ఇంకా అదుముతాం, చల్లబరిచే ఫ్యాన్ కూడా అదే ఇరుసు మీద ఉంది కాబట్టి గాలీ తగ్గుతుంది. కాసేపటికి మాడు వాసన. మిషన్ ఒళ్లు వేడెక్కితే కట్టేసి పక్కన పెట్టకండి. బిట్టు పనిలోంచి తీసి ఒక నిమిషం ఊరికే తిప్పండి, ఫ్యాన్ లోపలి వేడిని బయటికి తోలేస్తుంది. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా, చుట్ట పూర్తిగా విప్పి వాడండి.

బ్యాటరీ డ్రిల్ కొనేవాళ్లు పెట్టె మీద 48 అనీ 88 అనీ రాసిన వోల్టుల్ని నమ్మొద్దు. లోపల లిథియం సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు. ఐదు సెల్లులు వరసగా ఉంటే అది 18 వోల్టులే, పెట్టె మీద ఏం రాసినా. మీరు నిజంగా కొంటున్నది బ్యాటరీ, మిషన్ దానికి తోక. అదే బ్యాటరీ మూడేళ్ల తర్వాత విడిగా దొరుకుతుందా అన్నదొక్కటే అడగండి. రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేస్తే ఏ కంపెనీ బ్యాటరీ అయినా త్వరగా ముసలిదవుతుంది. చేతికి వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, వాడని నెలల్లో సగం ఛార్జితో ఉంచండి.

బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. సర్వీసు సెంటరు నెల్లూరులో ఉందా, ఒంగోలులో ఉందా, లేక మద్రాసో విజయవాడో పంపాలా అన్నది వారంటీ ఎన్ని నెలలన్న దానికన్నా ముఖ్యం. కంపెనీ పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ మార్చిన నకళ్లు ఉంటాయి, పెట్టె మీదా, మిషన్ మీద అంటించిన పలక మీదా పేరు రెండుచోట్లా చదవండి.

ఉప్పుగాలి లెక్క

నెల్లూరు దగ్గర మైపాడు, ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు, రొయ్యల చెరువుల పక్కన ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. జింకు పూత స్క్రూలు ఇక్కడ త్వరగా తుప్పు కారతాయి. మెష్ తలుపుకు 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయండి, అలల చప్పుడు వినపడేంత దగ్గరైతే 316. 304 మీద కూడా అక్కడ టీ మరకల్లా గోధుమరంగు మచ్చలు వస్తాయి.

పనిముట్లను గోనెసంచిలో చుట్టి పెట్టడం పాత అలవాటు, గోనె తేమను పీల్చి ఇనుము పక్కనే ఉంచుతుంది. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, కుట్టు మిషన్ నూనె గుడ్డతో ఒకసారి రుద్ది, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి దసరా ఆయుధపూజకు పనిముట్లు తుడిచేటప్పుడే నూనె కూడా పట్టించేయండి. కటింగ్ వీల్స్ మాత్రం నూనె తగలని వేరే డబ్బాలో, పరుపుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, మూత మీద గడువు తేదీ మార్కరుతో రాసి పెట్టుకోండి.